పడవ మోటారుకు నీళ్ళు పట్టిన కథ

నీటి మీద తేలే పడవలో మోటారు వేడెక్కి కాలిపోవడమేమిటని ఎవరికైనా అనుమానం రావచ్చు. చుట్టూ చెరువు నిండా చల్లని నీళ్ళే కదా! అయినా, ఒడ్డున నిలబడి రేడియోతో నడిపే నమూనా పడవలను వేడిమి వేధించినంతగా మరే చిక్కూ వేధించలేదు. కారణం చిత్రమైనది. లోపలి బ్యాటరీ, రేడియో పరికరాలు తడవకూడదంటే పడవ పైకప్పును సందు లేకుండా మూయాలి. నీళ్ళు లోపలికి రాకుండా వేసిన ఆ మూతే వేడి బయటికి పోకుండా అడ్డుపడుతుంది. పడవ నీటిలో ఉంటుంది; మోటారు మాత్రం మూత పెట్టిన కుండలో ఉడుకుతూ ఉంటుంది.

ఈ చిక్కు మొదటినుంచీ ఉన్నది కాదు. 1838లో సెంట్ పీటర్స్‌బర్గు నగరంలో నేవా నది మీద మోరిట్జ్ జాకోబీ తన విద్యుత్ మోటారుతో ఒక పడవను నడిపాడు. పదిమందికి పైబడి మనుషులను మోసిన ఆ పడవ వేగం మనిషి నడకను మించలేదు. ఆనాటి కష్టమల్లా బ్యాటరీలతోనే. జింకు పలకలను తినేస్తూ కొద్దిపాటి శక్తినిచ్చే ఆ ఘటాల ఖర్చును ఎవరూ భరించలేకపోయారు. మోటారు వేడెక్కేటంత విద్యుత్తు దొరికితే గదా, దానిని చల్లార్చే ఆలోచన పుట్టేది!

ఆ తరువాత రెండేళ్ళకే, 1840 ప్రాంతంలో, ఇంగ్లండులో జేమ్స్ జౌల్ ఈ కథకంతటికీ మూలమైన సూత్రాన్ని కనుగొన్నాడు. తీగలో పుట్టే వేడి అందులో పారే విద్యుత్తు వర్గానికి అనుగుణంగా పెరుగుతుంది. అంటే విద్యుత్తు రెండింతలైతే వేడి నాలుగింతలు, మూడింతలైతే తొమ్మిదింతలు. వేగం కోసం ఆశపడిన ప్రతివాడూ ఈ లెక్కకు కప్పం కట్టవలసిందే.

1898లో న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జరిగిన విద్యుత్ ప్రదర్శనలో నికోలా టెస్లా ఒక చిన్న పడవను కొలనులో వదిలి, తీగ లేకుండా నడిపి చూపాడు. అదే ఏడాది నవంబరు 8న దానికి 6,13,809 సంఖ్యతో అమెరికా పేటెంటు లభించింది. రేడియోతో నడిచే పడవలన్నిటికీ మూలపురుషుడు ఈ పడవే. పైగా అది బ్యాటరీతో నడిచిన విద్యుత్ పడవ. కానీ టెస్లాకు కావలసింది వేగం కాదు, విధేయత. చెప్పిన వైపు తిరిగితే చాలు, జనం నోరు తెరిచారు. అక్కడా వేడిమి ప్రస్తావన రాలేదు.

వేగం మీద మోజు పెరిగిన కాలానికి నమూనా పడవల్లో ఇంధనంతో నడిచే చిన్న ఇంజన్లు రాజ్యమేలుతున్నాయి. వాటి సిలిండరు చుట్టూ నీటి తొడుగు అమర్చడం ఆ పడవల వారికి తెలిసిన విద్యే. ప్రొపెల్లరు వెనక ఒక సన్నని గొట్టం నోరు తెరుచుకుని ఉంటుంది. ప్రొపెల్లరు వెనక్కి నెట్టే నీరు అందులోకి దూరి, ఇంజను చుట్టూ తిరిగి, పడవ పక్కనుంచి చిన్న ధారగా బయట పడుతుంది. వేరే పంపు అక్కరలేదు. పడవ పరుగే పంపు. విద్యుత్ పడవల వారు తరువాత అరువు తెచ్చుకున్నది ఈ ఏర్పాటునే.

ఆ అవసరం ఎప్పుడు వచ్చింది? సీసపు బ్యాటరీల బరువు తగ్గి, నికెల్-కాడ్మియం ఘటాలు అందుబాటులోకి వచ్చాక. ఇవి చిన్నవే అయినా ఒక్కసారిగా పెద్ద ప్రవాహాన్ని ఇవ్వగలవు. మరోవైపు, జపాన్‌లో 1954లో స్థాపించిన మబుచి సంస్థ చవకైన చిన్న మోటార్లను లక్షలుగా తయారుచేసింది. వాటిలో 540 రకం, 1976లో తమియా సంస్థ తెచ్చిన రేడియో కారులోకి ఎక్కి, అక్కడినుంచి పడవల్లోకీ దిగింది. దాని వ్యాసం సుమారు 36 మిల్లీమీటర్లు. ఆరు ఘటాల 7.2 వోల్టులతో 20 ఆంపియర్లు లాగితే అది 144 వాట్లు. అందులో నూటికి నలభై పాళ్ళు వృథా అవుతుందనుకుంటే, పిడికిట్లో ఇమిడే డబ్బాలో 60 వాట్ల పాతకాలపు బల్బు వెలుగుతున్నట్లే లెక్క.

ఆ వేడి ఊరకే ఉండదు. రాగి తీగ నూరు డిగ్రీలు వేడెక్కితే దాని నిరోధం నలభై శాతం దాకా పెరుగుతుంది. అయస్కాంతం వేడెక్కితే దాని పట్టు సడలుతుంది. పట్టు సడలిన మోటారు అదే పనికి మరింత విద్యుత్తు లాగుతుంది. అది మళ్ళీ వేడిని పెంచుతుంది. అప్పుచేసి వడ్డీ కట్టేవాడి సంసారంలాంటిది ఇది.

నీటి శక్తి ఏపాటిదో చూడండి. నిమిషానికి 200 మిల్లీలీటర్ల నీరు, అంటే ఒక చిన్న గ్లాసెడు, ఆ వేడినంతటినీ మోసుకుపోతే దాని ఉష్ణోగ్రత నాలుగు డిగ్రీలు పెరుగుతుందంతే. అందుకని మోటారు డబ్బా చుట్టూ సన్నని రాగి గొట్టాన్నో అల్యూమినియం గొట్టాన్నో చుట్టి అందులో చెరువు నీటిని పారించారు. పక్కనుంచి పడే ధార ఒడ్డున ఉన్నవానికి నాడి వంటిది. ధార ఆగిందంటే గొట్టంలో నాచు చిక్కిందన్నమాట.

అయితే ఇక్కడే ఈ చరిత్రలోని అసలు వింత ఉంది. ఆ పాతరకం మోటారులో రాగి తీగచుట్ట నడిమధ్యన తిరుగుతూ ఉంటుంది. అయస్కాంతాలు డబ్బా లోపలి గోడకు అంటి ఉంటాయి. వేడి పుట్టేది నడుమ, నీళ్ళు పారేది బయట. రెంటికీ మధ్య గాలి సందు, అయస్కాంతపు మందం. నీళ్ళు అయస్కాంతాలను కాపాడాయి, డబ్బాను చల్లబరిచాయి. కానీ మండుతున్న తీగను చేరలేకపోయాయి. డబ్బాను తాకితే చల్లగానే ఉంటుంది, లోపల వైండింగు మాడిపోయి ఉంటుంది.

నీరు వేడిని చేరింది నీటి తెలివివల్ల కాదు; వేడే తన చోటు మార్చుకోవడం వల్ల. 1962లో విల్సన్, ట్రికీ అనే ఇద్దరు అమెరికన్ ఇంజనీర్లు, కార్బన్ బ్రష్షులు లేకుండా అర్ధవాహకాలతో విద్యుత్తును మళ్ళించే మోటారును వివరించారు. 1980ల తొలి అర్ధంలో జపాన్‌లో మసాతో సగావా, అమెరికాలో జనరల్ మోటార్స్ పరిశోధకులు విడివిడిగా నియోడిమియం అయస్కాంతాలను రూపొందించారు. ఈ రెండూ కలిసి నమూనా పడవల్లోకి వచ్చేసరికి మోటారు లోపలి కాపురం తలకిందులైంది. అయస్కాంతం నడుమకు వచ్చింది. రాగి తీగ గోడకు చేరి కదలకుండా కూర్చుంది. ఇప్పుడు తొడుగులోని నీటికి, వేడి తీగకు మధ్య దూరం కొన్ని మిల్లీమీటర్లే, అదీ లోహం గుండానే. అదే గొట్టం, అదే చెరువు, కానీ ఫలితం వేరు. కొత్త చిక్కు నడుమనున్న అయస్కాంతానిది. సాధారణ రకం నియోడిమియం 80 డిగ్రీలు దాటితే శాశ్వతంగా బలం కోల్పోవచ్చు. ఇక బయటి డబ్బాయే తిరిగే రకం మోటార్లకు తొడుగు వేసే వీలే లేదు. వాటిని బిగించే పలకను మాత్రమే చల్లబరచగలం.

ఈ విషయం తెలుగు రైతుకు కొత్తది కాదు. బోరుబావిలో దింపే సబ్‌మెర్సిబుల్ మోటారు పంపుకు కిందనే ఉంటుంది. పైకి లాగే నీరు మోటారును ఒరుసుకుంటూ పోవడమే దానికి ప్రాణం. బోరులో నీటిమట్టం తగ్గిపోతే నీళ్ళు రాకపోవడమే కాదు, ఆ చల్లదనమూ పోయి మోటారు కాలుతుంది. పైరుతోపాటు వైండింగు ఖర్చూ రైతు నెత్తిన పడుతుంది. బొమ్మ పడవదీ అదే గతి. ప్రొపెల్లరుకు నాచు చుట్టుకుంటే మోటారు తిరగలేక విపరీతంగా విద్యుత్తు లాగుతుంది. సరిగ్గా ఆ క్షణానే పడవ ఆగుతుంది, పడవతోపాటు గొట్టంలో నీరూ ఆగుతుంది. అవసరం అన్నిటికంటె ఎక్కువైనప్పుడే ఈ చలువ మాయమవుతుంది.

కనుక నీటి తొడుగును వరంగా కాక సాయంగానే ఎంచాలి. వేగం మారకుండా ప్రొపెల్లరు వ్యాసాన్ని పది శాతం పెంచితే అది అడిగే శక్తి అరవై శాతం పెరుగుతుంది. ఆ అత్యాశను నీళ్ళు కొంతసేపు దాచిపెడతాయే తప్ప తీర్చవు. పుట్టిన వేడిని నీరు మోసుకుపోగలదు; పుట్టకుండా ఆపలేదు. జాకోబీ పడవకు తక్కువైన విద్యుత్తు ఇప్పటి పడవకు అవసరానికి మించి దొరుకుతున్నది. తగిన ప్రొపెల్లరును ఎంచి, ఎంత లాగాలో ముందే లెక్కకట్టుకున్నవాని పడవ పక్కన పడే ధార సన్నగా ఉన్నా సరిపోతుంది.