ఒప్పుకోలు – క్షమాపణ : మన కడప ప్రాంత సంఘముల అనుభవము

ఇట్టి శతవార్షికోత్సవ సంచికలలో దేవాలయములను గూర్చియు, పాఠశాలలను గూర్చియు, జమ్మలమడుగు క్యాంప్‌బెల్ ఆసుపత్రిని గూర్చియు వ్రాయుట వాడుక. కట్టడమునకు పునాదిరాయి యుండును, దానిమీద తేదీ చెక్కబడి యుండును. ఒక మనుష్యుడు తన పాపమును ఒప్పుకొని క్షమాపణ పొందిన దినమునకు అట్టి రాయి లేదు. అయినను సంఘచరిత్రలో అదియే ముఖ్యమని తలంచి మేము ఈ విషయమును తీసికొంటిమి.

1795లో ఏర్పడిన లండన్ మిషను 1810లో బళ్లారిలోను, 1822లో హోవెల్ దొరగారి ద్వారా కడపలోను పని ప్రారంభించెను. 1850ల నుండి మాలపల్లెలు గుంపులు గుంపులుగా సంఘములో చేరజొచ్చెను. 1876–78 నాటి గొప్ప కరవు తరువాత ఈ రాక ఇంకను హెచ్చెను. వీరు కడుపుకొరకు వచ్చిరా, క్రీస్తు కొరకు వచ్చిరా అను సందేహము ఆనాటి దొరలను బాధించెను. అందుచేత బాప్తిస్మమునకు ముందు నేర్పు కాలము, పరీక్ష, నోటి ఒప్పుకోలు తప్పనిసరియాయెను. ఆకలితో వచ్చినవాని పశ్చాత్తాపము నిజము కాకపోవలెనని ఏమియు లేదు. తప్పిపోయిన కుమారునికి బుద్ధి వచ్చినది పందుల పొట్టు దగ్గరనే గదా!

ఇచ్చట ఒక మాట ఆలోచింపదగియున్నది. మన సీమలో ‘తప్పు’ అనగా దోషము మాత్రమే కాదు, దానికి కులపెద్దలు వేయు జుల్మానా కూడ. తప్పు వేసిరి, తప్పు కట్టెను అందుము. కట్టినవాడు కులమునకు విందుపెట్టి తిరిగి లోపలికి వచ్చును. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల పల్లెలలో పెరిగిన మన పితరులు ఈ అర్థముతోనే సువార్తను వినియుందురు. తప్పును మరియొకడు సిలువమీద కట్టివేసెను, నీవు కట్టవలసినది లేదు అనగా వారికెంత వింతగా తోచియుండును! నేటికిని కానుక పెట్టెలో ఎక్కువ వేసిన తరువాతనే క్షమాపణ దొరికినట్లు భావించువారిని మేము ఎరుగుదుము. పాత తప్పు ఇంకను మనలను వదలలేదు.

మిషను సంఘములలో పాపములో పడినవానిని ప్రభువు బల్లనుండి ఆపి, సంఘము ఎదుట ఒప్పుకొనిన పిమ్మట చేర్చుకొనుట క్రమశిక్షణగా నుండెను. త్రాగుడు, విగ్రహముల తిరునాళ్లు, రెండవ వివాహము, ఆదివారపు కూలిపని మొదలగునవి లెక్కలోనికి వచ్చెడివి. ఇవి చాలవరకు బీదవాని పాపములు. ఆదివారము పనికి రానిచో జీతగానిని వెళ్లగొట్టు ఆసామి పాపము విచారింప ఆ సభకు అధికారము లేదు. కాని మాల మాదిగలమైన మనము ఒకరినొకరము దూరముంచుకొనిన పాపము? అది మన చేతిలోనిదే. దానిని పేరుపెట్టి ఒప్పుకొనుటకు మనము చాల ఆలస్యము చేసితిమి.

లోకసంఘములో ఈ విషయము పెద్ద చరిత్ర గలది. 1215లో లాతెరాను సభ, ప్రతివాడు ఏటికొకసారియైనను గురువునొద్ద ఒప్పుకొనవలెనని విధించెను. 1517లో లూథరు తన తొంబదియైదు వాదములను, విశ్వాసి జీవితమంతయు పశ్చాత్తాపమే యను భావముతో ఆరంభించెను. ఆంగ్లికనులకు అందరు కలిసి పలుకు ఒప్పుకోలు, గురువు ప్రకటించు క్షమాపణ క్రమముగా నుండెను. లండన్ మిషను వారికి వ్రాసిన ప్రార్థనలయందు మక్కువ తక్కువ. హృదయములోనుండి వచ్చినదే ప్రార్థన యనిరి. 1906లో తెలుగు బాప్తిస్టు సంఘములలో లేచిన ఉజ్జీవములో జనులు బహిరంగముగా ఏడ్చుచు పాపములు చెప్పుకొనిరి.

మన సంఘములు 1908లో దక్షిణ ఇండియా ఐక్య సంఘములోను, 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘములోను చేరెను. 1950లో వెలువడిన ప్రభు భోజన క్రమములో రెండు వాడుకలును కలిసెను. మోకాళ్లూనుట, మౌనము, కలిసి ఒప్పుకొనుట, క్షమాపణ ప్రకటన. మౌనము అన్నచోట మనము ఎంతసేపు ఆగుచున్నాము? దగ్గు వచ్చినంత సేపు! ఆంగ్లికనుల మాటలు మనకు దొరికెను గాని, మిషను తాతల కన్నీరు ఆ మౌనములోనే యుండవలెను.

ఆ క్రమములో మరియొకటి గలదు. కేరళ సురియాని క్రైస్తవుల నుండి వచ్చిన సమాధానపు ఆచారము. కానుకకు ముందు చేతులనుండి చేతులకు సమాధానము అందించుకొందుము. బలిపీఠమునొద్ద సహోదరుడు జ్ఞాపకమువచ్చినచో మొదట వానియొద్దకు పొమ్మని ప్రభువు సెలవిచ్చిన మాటయే దీనికి ఆధారము. తరతరముల కక్షలు ఎరిగిన మన ప్రాంతములో ఇది తేలిక కాదు. దేవునితో ఒప్పుకొంటిని, చాలును అనువాడు ఆ చేయి అందవలసిన వరుసను తప్పించి మరియొక వరుసలో కూర్చుండును. ఇట్టివి పట్టణములలోను చూచితిమి. కొన్ని గ్రామ సంఘములలో శనివారము సాయంకాలపు ఆయత్తపు కూడికలోనే పెద్దలు ఇరువురిని పిలిచి మాటలాడించుట గలదు. అది కుదరనిచో, కుదురువరకు ప్రభువు బల్లకు రాక వెనుక కూర్చుండు రైతులును కలరు. వారిని భక్తిహీనులని మేము అనజాలము.