ఈకలు చెప్పే సాక్ష్యం

మంట దగ్గరికి జరుగుండ్రి. అటు దిక్కు కూసోకు బిడ్డా, గాలి మళ్ళింది, పొగ కొడ్తది. నిన్నటిసంది చూస్తున్న, కోడి పోయిందని అందరు అడవిపిల్లిని తిట్టుడే తిట్టుడు. అడవిపిల్లే వచ్చిందని ఎవరు చూసిండ్రు? మా అవ్వ ఉంటే ముందుగాల ఆ మాటే అడుగుతుండె.

నేను పోరగాణ్నున్నప్పుడు మన అచ్చంపేట దిక్కు ఊళ్ళల్ల కరెంటు లేకుండె. అమ్రాబాదు గుట్టల నుంచి అడవి మన చేన్ల గట్ల దాకా ఉంటుండె. మాపటీలి దీపం ముట్టించే యాళ్ళకు నక్కలు కూత పెడుతుండె. ఇంటింటికి కోళ్ళు. ఎడ్లమ్మినా, మేకలమ్మినా పైసలు మొగోళ్ళ చేతికి పోయేవి. కోడి పైసలు మాత్రం ఆడోళ్ళయి. గుడ్లమ్మి ఉప్పు, చింతపండు. పుంజునమ్మి పిల్లలకు అంగీలు. అందుకే ఒక్క పెట్ట పోయినా అవ్వకు కడుపు కోతే. అయినా తిట్టుకుంట కూసోకపోయేది. పొద్దు పొడవంగనే పెరడంత తిరిగి ఈకలు చూసేది.

ఈకలు కంచె దాకా వరసగ పడి, అవతల పొద కింద కుప్పగ ఉంటే అడవిపిల్లి. అది మెడ వట్టి ఎత్తుకపోతది, ఇంట్ల తినదు. ఒకసారి రుచి మరిగితే మర్నాడు మళ్ళ అదే దారిల వస్తది. కోడి అక్కడ్నే చచ్చి, తల దగ్గర, మెడ దగ్గర కొరికిన గాట్లుంటే ముంగిస. ముంగిస రాత్రి తిరగది, పట్టపగలే వస్తది. పొదుగు మీద గుడ్లు పోయి పెంకులు మిగిలితే దాని పనే. పెంకు కూడ లేకుంట గుడ్డు మాయమైతే పాము. అప్పుడు పెట్ట గూట్లెకు పోదు, బయట్నే నిలవడి మెడ చాపి అరుస్తది. ఇంటి కప్పు పెంకులు తప్పించి మీదికెల్లి దిగేది మానుపిల్లి. దానికి కోడి కన్న పండ్ల మీద, చెట్టుకు కట్టిన కల్లు లొట్టి మీద మోజెక్కువ. చిన్న కోడిపిల్లలు ఒక్కొక్కటే తగ్గుతుంటే అడవి దిక్కు చూడొద్దు, ఇంట్ల పందికొక్కు బొక్క ఏడుందో చూడాలె.

వచ్చిందెవరో తెలిస్తేనే ఏం మూయాల్నో తెలుస్తది. మా ఇంట్ల అరుగులనే కోళ్ళ గూడు కట్టిండ్రు, నోటికి నాపరాయి అడ్డం. పిడికిలి పట్టేంత సందుంటే ముంగిసకు చాలు, అందుకే అవ్వ నెలకోసారి మట్టి మెత్తి సందులు పూడ్చేది. గూట్ల పట్టని కోళ్ళను గంప కింద కమ్మేది, గంప మీద రాయి. ఉత్త గంపను అడవిపిల్లి తలతోని ఎత్తి బోర్లిస్తది. పొద్దుగాల గంప లేపే ముందు చిన్న కట్టెతోని రెండు దెబ్బలు కొట్టి, లోపల కోళ్ళు కదులుతున్నయా, బుస ఏమన్న వస్తుందా అని చెవి పెట్టి వినేది. అటెన్క తనకు దూరంగ ఉన్న అంచును లేపేది, ఉన్నదేదైనా అటు దిక్కే పోవాలెనని. ముందుగాల కట్టెతోని తట్టకుంట గుడ్ల కోసం గూట్ల చెయ్యి పెడితే ఎవర్నైనా వీపు మీద ఒక్కటేసేది. ఓసారి ఆ కట్టె తగిలి లోపల్నుంచి నాగుపాము పడగ విప్పింది, నేను కండ్లార చూసిన.

గద్దది వేరే లెక్క, దానికి గోడలు అడ్డం కావు. గుడ్లు పగిలి పిల్లలైనంక పదిహేను ఇరవై రోజులే దాని భయం. అవ్వ పిల్లలకు గులాబీ రంగు పూసేది. రంగుల పిల్లను చూసి గద్ద బెదురుతదని అనేటోళ్ళు. నా నమ్మకం రంగు మీద కన్న కందికట్టె మీద ఎక్కువ. పెరట్ల కందికట్టెలు వాలుగ నిలవెడితే తల్లి కూత పెట్టంగనే పిల్లలన్ని దాని కిందికి దూరేవి. వేపచెట్టు మీద ఏట్రింత గూడు పెట్టిన ఏడు మాత్రం మాకు ఏ బెంగ లేకపోయేది. పిడికెడంత పిట్ట, గద్ద కనవడితే మీదికెల్లి దూకి వీపు మీద పొడిచి పొడిచి ఊరు దాటించేది. ఆ చెట్టు కొమ్మలు కొట్టనియ్యకపోయేది అవ్వ.

నక్కలను పట్టనీకె నక్కలోళ్ళు వస్తుండె. అచ్చం నక్క తీరుగ కూత పెడితే, ఇంకో నక్క ఉందనుకొని నిజం నక్కలు దగ్గరికి వచ్చేవి.

ఇగ చెప్పేది మంచిగ వినుండ్రి. పత్తికి కొట్టే ఎండ్రిన్ ఊళ్ళెకు వచ్చినంక, ఒకాయన చచ్చిన కోడికి ఆ మందు పూసి కంచె కాడ ఏసిండు. అడవిపిల్లి చచ్చింది, నిజమే. దాని ఎంబడి రెండు నక్కలు, ఆ తెల్లారి మా వాడకట్టు కుక్కలు చచ్చినయి. కుక్కలు నురుగు కక్కుకుంట కొట్టుకునే తీరు నేను చూసిన, పగోనికి కూడ అట్ల కావొద్దు. ఇంకో ఇద్దరు ఆయన్ను చూసి అదే పని చేసిండ్రు. ఆ యాసంగి పల్లిచేన్లల్ల ఎలుకలు పడ్డయి. ఏ గట్టు తవ్వినా బొక్కల నిండ పల్లికాయలే. అడవిపిల్లి తినే తిండిల ఎక్కువ భాగం ఎలుకలే, కోడి దానికి ఎప్పుడో దొరికే పండుగ. ఏడాదికి రెండు కోళ్ళు కాపాడుకుందామని గింజ మొత్తం ఎలుకలకు అప్పజెప్పిండ్రు మనోళ్ళు. నా కోపం ఇప్పటికీ చల్లారలే. ఇప్పుడు ఎండ్రిన్ లేదు గని, చేను చుట్టు కరెంటు తీగ పెడుతున్నరు. దానికి జంతువులే కాదు, రాత్రి నీళ్ళు పెట్టనీకె పోయిన రైతులు చస్తున్నరు. 1972ల చట్టం వచ్చింది, అడవి జంతువును చంపితే జైలు. చట్టం లేకున్నా ఆ పని చెయ్యొద్దు.

చిరుత వస్తే ఎట్ల అంటవా? మన అడవి 1983ల పులుల ప్రాజెక్టు కిందికి పోయింది, ఇప్పుడు దాన్ని అమ్రాబాదు టైగర్ రిజర్వు అంటున్నరు. చిరుతకు కుక్క అంటే ప్రాణం. గొలుసుతోని వాకిట్ల కట్టేసిన కుక్క దానికి కావలి కాదు, ఎర. మన్ననూరు దిక్కు ఒక చెంచుపెద్ద మా నాయిన దోస్తు. కుక్క గట్టిగ మొరిగితే నక్కనో మనిషో అనుకో, మొరిగే కుక్క ఉన్నట్టుండి ఊకొని తోక ముడిచి తలుపు గీకితే దాన్ని లోపలికి తీసుకో అని చెప్పేటోడు. మేకల కొట్టానికి గోడ ఎంత ఎత్తు పెట్టినా లాభం లేదు, పైన కప్పుండాలె. చిరుత లోపలికి దూకిందంటే, మేకలు బెదిరి ఉరుకుతుంటే ఒక్కదాంతోని ఆగదు, దొరికినకాడికి చంపుతది. అట్లయితే కళేబరాన్ని కదపొద్దు, దాని మీద మందు చల్లొద్దు. అడవి శాఖోళ్ళకు చెప్తే, పశువుల డాక్టరు వచ్చి చూసి రాస్తడు, నష్టపరిహారం వస్తది. మా నాయిన కాలంల అదీ లేకుండె.

చిరుత కన్న నేను ఎక్కువ భయపడేది పిచ్చి లేసిన నక్కకు. మంచి నక్క మనిషిని చూస్తే దూరం జరుగుతది. పట్టపగలు ఊరి నడుమకు వచ్చి, బెదిరిచ్చినా పోకుంట మీదికి వస్తుందంటే ఆ రోగమే. నక్కనే కాదు, ముంగిస కరిచినా అది అంటుతది. అప్పట్ల కరిస్తే హైదరాబాదు నారాయణగూడకు పోయి బొడ్డు చుట్టు పద్నాలుగు సూదులు ఏసుకునేది. నొప్పికి భయపడి నడుమల మానుకొని పానం మీదికి తెచ్చుకున్నోళ్ళున్నరు. ఇప్పుడు భుజానికి నాలుగైదు మార్లే సూది, మన సర్కారు దవాఖానల్నే ఏస్తరు. చిన్న గీత వడ్డా సరే, ముందు పారే నీళ్ళ కింద సబ్బుతోని పావుగంట సేపు కడగాలె. సున్నం, కారం, ఆకుపసరు పెట్టొద్దు. కుక్కకు ఏడాదికోసారి సూది ఏపియ్యాలె. మన నల్లదానికి గడువు దాటింది, రేపు పొద్దుగాల్నే పశువుల దవాఖానకు తోలుకపోండ్రి.