పలెర్మో రాజవస్త్రం

రాజుల చరిత్రను శిలాశాసనాలలో, నాణేలలో వెదకడం మనకు అలవాటు. ఒక్కొక్కప్పుడది వస్త్రపు అంచు మీద కూడా వ్రాసి ఉంటుంది. అట్టి వస్త్రమొకటి ఆస్ట్రియా రాజధాని వియన్నాలో, హోఫ్‌బర్గ్ ప్రాసాదంలోని రాజకోశాగారంలో ఉన్నది. ఎర్రని పట్టుపై బంగారు దారంతోను, ముత్యాలతోను కుట్టిన అర్ధవృత్తాకారపు అంగవస్త్రమది. దాని వెడల్పు సుమారు 3.4 మీటర్లు. నడుమ ఖర్జూర వృక్షం. దానికి ఇరువైపులా ఒంటెపై లంఘించిన సింహం.

ఇది సిసిలీ రాజు రెండవ రోజర్ కొరకు తయారైనది. ఆయన నార్మన్ వంశీయుడు, క్రైస్తవుడు. అయినను అంచుపై ఉన్న భాష లాటిను కాదు, అరబ్బీ, లిపి కూఫీ. సిసిలీ రాజధానిలో, రాజుగారి కర్మశాలలో, హిజ్రీ 528లో, అనగా క్రీ.శ. 1133-34లో ఇది తయారైనట్లు ఆ వ్రాత తెలుపుతున్నది. తక్కినదంతా రాజుకు సౌభాగ్యమును, కీర్తిని కోరే ఆశీర్వచనం. రోజర్ కిరీటధారణ 1130లోనే జరిగినది. కనుక దీనిని ఆయన పట్టాభిషేక వస్త్రమనడం సరికాదు.

ఈ అరబ్బీ వ్రాతకు కారణమేమి? 9వ శతాబ్దంలో ఉత్తరాఫ్రికా ముస్లిములు సిసిలీలో అడుగుపెట్టినారు. 1061లో దండెత్తిన నార్మన్లు 1091 నాటికి ద్వీపమంతటినీ వశపరచుకొన్నారు. ముస్లిం ప్రభువుల ఆస్థానాలలో వ్రాతలు గల వస్త్రాలను తయారుచేసే శాలలుండేవి. వాటిని తిరాజ్ అనేవారు. రాజ్యాధికారానికి గుర్తయిన ఆ సంప్రదాయాన్ని రోజర్ తనదిగా చేసుకొన్నాడు. ఆయన కొలువులో లాటిను, గ్రీకు, అరబ్బీ మూడు భాషలూ నడిచేవి. అల్ ఇద్రీసీ తన భూగోళ గ్రంథాన్ని 1154లో ముగించినది ఆయన కొరకే.

అయితే దీనిని కేవలం సౌహార్దానికి నిదర్శనమని చెప్పి ఊరుకోలేము. సింహం నార్మన్లకు, ఒంటె అరబ్బులకు గుర్తని కొందరు చెప్పినారు. ఒప్పుకొనని పండితులూ ఉన్నారు. ఏమైనను, జేతలు జితుల విద్యను స్వీకరించినంత మాత్రాన ఇరువురూ సమానులు కారు. తరువాతి చరిత్ర ఈ మాటనే రుజువు చేసినది.

రోజర్ కుమార్తె కాన్‌స్టెన్స్‌ను జర్మనీ రాజు ఆరవ హెన్రీ వివాహమాడినాడు. 1194లో సిసిలీ ఆయన వశమైనది. రాజవస్త్రమూ ఆ వంశం వారికి చేరినది. వారి కుమారుడు రెండవ ఫ్రెడరిక్ అరబ్బీ విద్యలను ఆదరించినవాడే. తిరుగబడిన సిసిలీ ముస్లిములను 1220ల నుండి ఇటలీలోని లుచేరాకు తరలించినవాడూ ఆయనే. 1300లో లుచేరా కూడా ధ్వంసమైనది. అక్కడివారు పెక్కుమంది బానిసలుగా అమ్ముడుపోయినారు. ఈ వస్త్రం మాత్రం 1792 వరకు పవిత్ర రోమను చక్రవర్తుల అభిషేకాలలో వినియోగపడుతూ వచ్చినది.

దానిని భుజాన వేసుకొన్నవారిలో ఆ అంచును చదువగలిగినవారు ఎందరు? ఆ వైభవాన్ని మెచ్చుకొనేటప్పుడు, ఆ అక్షరాలు ఎవరివో వారి సంతతికి ఏమైనదో కూడా మనం తలచుకోవలె.