బడిపంతులు, నాలుగు ట్రాకుల క్యాసెట్

పెద్ద రికార్డు కంపెనీల పెట్టుబడికీ పెత్తనానికీ వెలుపల, చిన్న సంస్థల ద్వారానో సొంత ఖర్చుతోనో వెలువడే రాక్ సంగీతానికి ఇండీ రాక్ అని పేరు. దాని చరిత్రను తిరుగుబాటు కథగా చెప్పడం పరిపాటి గాని, అమెరికాలోని ఒహాయో రాష్ట్రం డేటన్ నగరానికి చెందిన గైడెడ్ బై వాయిసెస్ బృందం ప్రస్థానాన్ని పరిశీలిస్తే, ఆ చరిత్రలో నెల జీతానికీ చౌక యంత్రానికీ ఉన్న పాలు తక్కువేమీ కాదని తేలుతుంది.

1983లో ఏర్పడిన ఈ బృందానికి మూలపురుషుడైన రాబర్ట్ పొలార్డ్ వృత్తిరీత్యా బడిపంతులు. నాలుగో తరగతి పిల్లలకు పాఠాలు చెబుతూనే, 1987 నుంచి ఏటా ఇంచుమించు ఒక ఆల్బమ్ చొప్పున సొంత ఖర్చుతో కొద్దిపాటి ప్రతులు వేయించాడు. సొంత ఊరే వాటిని పెద్దగా పట్టించుకోలేదు. ఇదే ఆఖరిదనుకుని 1992లో తెచ్చిన ‘ప్రొపెల్లర్’ 500 ప్రతులకు అట్టలను బృందమే చేత్తో తయారుచేసింది. బయటి ఊళ్ల శ్రోతల దృష్టి ఈ బృందంపై పడింది మాత్రం సరిగ్గా ఆ ఆల్బమ్‌తోనే.

ఇక యంత్రం సంగతి. మామూలు క్యాసెట్ టేపుపై ఒక్కో వైపుకు రెండేసి చొప్పున నాలుగు ట్రాకులు, అంటే శబ్దాన్ని నమోదుచేసే సన్నని దారులు, ఉంటాయి. జపాన్‌కు చెందిన టాస్కామ్ 1979లో విడుదల చేసిన పోర్టాస్టూడియో ఆ నాలుగింటినీ ఒకే దిశలో, విడివిడిగా వాడుకునే వీలు కల్పించడంతో, డ్రమ్ములు ఒకదానిపై, గిటారు మరొకదానిపై, గాత్రం ఇంకొకదానిపై నింపుకుంటూ ఇంట్లోనే పాటను పూర్తిచేయడం సాధ్యమైంది. దారులు చాలకపోతే మూడింటిని కలిపి నాలుగోదానిపైకి ఎక్కించి మిగతావాటిని ఖాళీ చేసుకోవచ్చు. అయితే అలా ఎక్కించిన ప్రతిసారీ టేపు బుసబుస పెరుగుతుంది. ఈ మసక శబ్దానికే తరువాత లో-ఫై అనే పేరు స్థిరపడింది. పొలార్డ్ సహచరుడు టోబిన్ స్ప్రౌట్ వద్ద ఉన్న నాలుగు ట్రాకుల రికార్డర్‌పైనే బృందం పాటలు అనేకం పుట్టాయి.

స్టూడియోలో గంటలెక్కన అద్దె కట్టేవారు పాటను సాగదీసి మెరుగుపెట్టక తప్పదు. నేలమాళిగలో పాడుకునేవారికి ఆ బాధ లేదు గనుక, ఒకటిన్నర నిమిషంలో చెప్పవలసింది చెప్పి మరో పాట ఎత్తుకోవచ్చు. 1994 నాటి ‘బీ థౌజండ్’ 36 నిమిషాల్లో 20 పాటలు, మరుసటి ఏడాది ‘ఏలియన్ లేన్స్’ 41 నిమిషాల్లో 28 పాటలు ఇమిడ్చాయి. ‘బీ థౌజండ్’ తెచ్చిన పేరుతో పొలార్డ్ 1994లో బడి ఉద్యోగం మానుకున్నాడు. అప్పటికి అతడి వయసు 36 దాటింది. రాక్ సంగీతంలో అది అరంగేట్రపు వయసు కాదు.

బుసబుసను కళాసిద్ధాంతంగా కొలిచినవారు ఆ తరువాత పుట్టుకొచ్చారు గాని, ఆ బృందం ఎన్నడూ దానికి కట్టుబడలేదు. ‘ది కార్స్’ బృందనాయకుడు రిక్ ఒకాసెక్ నిర్మాణంలో 1999లో ‘డు ది కొలాప్స్’ను ఖరీదైన హంగులతో రూపొందించి రేడియో విజయం ఆశించింది, అది దక్కలేదు. శబ్దం శుభ్రపడింది, తొందరలోని తెగువ తగ్గింది. 2004లో విడిపోయి, 2010లో కలిసి, మళ్లీ విడిపోయి, 2016 నుంచి పొలార్డ్ నాయకత్వంలో నడుస్తున్న ఆ బృందాన్ని కొత్తగా వినదలచినవారు ‘బీ థౌజండ్’తో మొదలుపెట్టడం మేలు, ఒకసారి విని పక్కన పెట్టకుండా, రెండోసారి కూడా వినాలి.