రాజనీతిలో అనృతము

వామనుడు మూడడుగుల నేల యడిగినప్పుడు శుక్రాచార్యుడు బలిచక్రవర్తికి బోధించిన నీతి తెలుగువారికి క్రొత్త కాదు. ప్రాణమునకును, విత్తమునకును, మానమునకును ముప్పు మూడినప్పుడు బొంకుట పాపము కాదని ఆ గురువు చెప్పెను. మాట తప్పుటకంటె రాజ్యము పోవుటయే మేలని శిష్యుడు తలచెను. పోతనగారి భాగవతము చదివిన వారెల్లరును బలినే మెచ్చుకొందురు. కాని బలి ధారవోసినది తాను తనదనుకొన్న సంపద. ప్రజల సొమ్మునకు కావలియై కూర్చున్న మంత్రికి అంతటి స్వేచ్ఛ కలదా? తన సత్యవ్రతము కొరకు పరుల మూట జారవిడుచుట ధర్మమగునా? ప్రశ్న ఇచ్చటనే చిక్కుపడుచున్నది.

ఈ చిక్కును గాలిలో విప్పుటకంటె చరిత్రలో విప్పి చూచుట మంచిదని మా అభిప్రాయము. అందుకు ఇంగ్లండు దేశమున 1949 మొదలు 1967 వరకు జరిగిన మూడు సంఘటనలను తీసికొందము. ఆ దేశమునే ఎన్నుకొనుటకు కారణము కలదు. అచ్చట మంత్రి కామన్సు సభలో నిలిచి సభ్యుల ప్రశ్నలకు సమాధానము చెప్పవలెను. తెలిసియుండి సభను తప్పుదారి పట్టించుట అచ్చట మహాపరాధము. కనుక అచ్చటి మంత్రి యాడిన ప్రతి మాటయు అచ్చులో నిలిచియుండును. అసత్యమును తూచుటకు అంతకంటె మంచి త్రాసు దొరకదు.

మొదటి కథానాయకుడు సర్ స్టాఫర్డ్ క్రిప్సు. 1942లో రాయబారము తెచ్చినవాడుగా, 1946లో క్యాబినెట్ మిషను సభ్యుడుగా ఆయన మన దేశమునకు పరిచితుడే. శాకాహారి, నిరాడంబరుడు, దైవభక్తుడు. అబద్ధమాడునని శత్రువులైనను శంకింపని మనిషి. 1949లో ఆయన బ్రిటను ఆర్థికమంత్రి. ఆనాడు పౌను ఒక్కింటికి 4.03 డాలర్లు మారకపు ధర. దేశమువద్దనున్న బంగారము, డాలర్లు నానాటికి తరిగిపోవుచుండెను. పౌను విలువ తగ్గింతురా యని అందరును అడుగుచుండిరి. ఆ వేసవిలో క్రిప్సు, తమ ప్రభుత్వమునకు అట్టి ఉద్దేశము లేదని, ఒకమారు కాదు, పలుమారులు చెప్పెను.

ఆయన స్విట్జర్లండులో చికిత్స పొందుచున్న రోజులలోనే ఆయన సహచరులు విలువ తగ్గింపవలెనను నిశ్చయమునకు వచ్చిరి. ఆయనకు ఇష్టము లేకున్నను చివరకు సమ్మతించెను. తొలి నిరాకరణలు ఆయన నమ్మి చెప్పినవే కావచ్చును. కాని నిశ్చయము జరిగిన పిదప కూడ లోకము ఆ పాత మాటనే నమ్ముచుండగా ఆయన దానిని చెదరనీయలేదు. సెప్టెంబరు 18వ తేదీ, ఆదివారము రాత్రి, ఆయనయే రేడియోలో మాటాడి పౌను ఇకమీదట 2.80 డాలర్లేయని ప్రకటించెను.

ఆ అలజడి మన గడపవరకు వచ్చినది. భారత ప్రభుత్వమును రూపాయి విలువను అదే పాళ్ళలో తగ్గించెను. అంతవరకు సుమారు 3.31 రూపాయలకు దొరకిన డాలరు సుమారు 4.76 రూపాయలైనది. పాకిస్తాను తన రూపాయిని తగ్గింపక పోవుటచే ఇరుదేశముల నడుమ వర్తకము స్తంభించి, తూర్పు బెంగాలు జనుము కలకత్తా మిల్లులకు అందక పోయెను.

క్రిప్సు నిజము చెప్పియుండినచో ఏమి జరిగెడిది? రేపు పౌను ధర పడిపోవునని నేడే తెలిసిన యెడల, పౌనులు చేతనున్న ప్రతి వర్తకుడును వానిని డాలర్లకు మార్చుకొన పరుగెత్తును. ఖజానాలోని నిల్వ గంటలలో కరగిపోవును. లాభము పొందువారు సట్టా వ్యాపారులు. నష్టము భరించువారు వారకూలితో బ్రతుకు సామాన్యులు. ఇట్టి విషయములో ముందు చెప్పుటయనగా ఇంటి తాళపుచెవి దొంగ చేతికిచ్చుటయే. అయినను చర్చిలు ఆయనను ఊరకే విడువలేదు. అన్నిసార్లు కాదని చెప్పి పిదప అదే పని చేసిన మంత్రి మాటను ఇక ఎట్లు నమ్ముదురని సభలో నిలదీసెను. క్రిప్సు మనసు ఎంతగా గాయపడినదనగా, బ్రిస్టలు విశ్వవిద్యాలయమునకు చర్చిలు ఛాన్సలరగుటచే, ఆయన చేతిమీదుగా గౌరవపట్టము పుచ్చుకొనుటకు నిరాకరించెను. ధర్మమనుకొని ఆడిన అసత్యము కూడ ఆడినవానిని కాల్చకమానదు.

రెండవ కథ సూయజు కాలువది. 1956 జులై 26వ తేదీన ఈజిప్టు అధ్యక్షుడు నాసరు ఆ కాలువ కంపెనీని జాతీయము చేసెను. బ్రిటిషు ప్రధాని ఆంథొనీ ఈడెను దానిని సహింపలేక పోయెను. అక్టోబరు 22 మొదలు 24 వరకు పారిసు సమీపమున సేవ్ర అను ఊరిలో బ్రిటను, ఫ్రాన్సు, ఇజ్రాయెలు ప్రతినిధులు రహస్యముగా కూడి యొక ఒడంబడిక వ్రాసికొనిరి. ముందుగా ఇజ్రాయెలు ఈజిప్టుపై దండెత్తవలెను. వెంటనే బ్రిటను, ఫ్రాన్సులు తమకేమియు తెలియనట్లు నటించి, పోరాడువారిని విడదీయు మిషతో కాలువను ఆక్రమింపవలెను. కథ అట్లే నడచినది. 29వ తేదీన ఇజ్రాయెలు దాడి చేసెను. 30న తుది హెచ్చరిక వెలువడెను. 31న ఈజిప్టుపై విమానముల బాంబులు పడెను.

ఆ ఒడంబడిక ప్రతులను నాశనము చేయింపవలెనని ఈడెను తన ఉద్యోగులను మరల పారిసు పంపెను. ఫ్రెంచివారు అంగీకరింపలేదు. ఇజ్రాయెలువారు తమ ప్రతితో అప్పటికే ఇల్లు చేరిరి. బ్రిటిషు ప్రతి మాత్రము బూడిదయైనది. సభలో విదేశాంగమంత్రి సెల్విన్ లాయిడు ముందస్తు ఒప్పందమేదియు లేదనెను. డిసెంబరు 20న ఈడెను తానే లేచి, ఇజ్రాయెలు దండెత్తునని తమకు ముందుగా తెలియదని స్పష్టముగా పలికెను. తిరిగి ఇరువది దినములు గడచునప్పటికి, 1957 జనవరి 9వ తేదీన, అనారోగ్య కారణముచే రాజీనామా చేసెను.

ఆ మాటవలన ఎవరికి మేలు కలిగినది? ఈజిప్టు నౌకలను ముంచివేయుటచే కాలువ 1957 ఏప్రిలు వరకు మూతపడెను. దానిని కాపాడుటకే వచ్చితిమన్నవారి రాకయే దాని మూతకు కారణమయ్యెను. అమెరికా అలిగెను. పౌను మరల కూలబోవు స్థితికి వచ్చెను. నెహ్రూగారి ప్రభుత్వము ఆ దాడిని తీవ్రముగా ఖండించెను. తరువాత శాంతిరక్షణకై ఐక్యరాజ్యసమితి పంపిన దళములలో మన సైనికులును ఉండిరి. ఈడెను మంత్రివర్గమునుండి ఆనాడే వైదొలగిన ఆంథొనీ నటింగు 1967లో ఆ కుట్రను గ్రంథముగా వెల్లడించెను. ఇజ్రాయెలులో దాగిన ప్రతి 1996లో లోకమునకు అందినది. ఒక ప్రతిని కాల్చినంతమాత్రమున సత్యము కాలదు.

మూడవ కథ మరల పౌనుదే. 1967 నవంబరు 16, గురువారము ఉదయమున విల్సను మంత్రివర్గము పౌనును 2.80 నుండి 2.40 డాలర్లకు దింపుటకు నిశ్చయించెను. ఆ మధ్యాహ్నమే ఆర్థికమంత్రి జేమ్సు కలహానును సభలో ఒక సభ్యుడు విదేశీ ఋణమును గూర్చి ప్రశ్నించెను. కలహాను అబద్ధమాడలేదు. నిజమును చెప్పలేదు. మాట దాటవేసెను. వినవలసినవారు ఆ మౌనము నుండియే విషయము గ్రహించిరి. మరునాడు ఒక్క దినములో కోట్లకొలది పౌనుల విలువగల నిల్వ దేశము దాటిపోయెను. శనివారము నాటికి ప్రకటన వెలువడెను. నెలాఖరునకు కలహాను ఆ పదవి వదలెను.

ఆదివారము విల్సను ప్రసంగించుచు, విలువ తగ్గినది విదేశములలోనే గాని, మీ జేబులోని పౌను తగ్గలేదని ప్రజలకు ధైర్యము చెప్పెను. అక్షరార్థమున అది నిజమే. కాని విదేశమునుండి వచ్చు తిండిగింజల ధర పెరిగిన నాడు ఆ జేబు బరువు తగ్గకుండునా? ధర్మరాజు ‘అశ్వత్థామ’ యని బిగ్గరగా, ‘ఏనుగు’ అని మెల్లగా పలికినాడట. అంతవరకు నేలకు నాలుగంగుళముల ఎత్తున నడచు అతని రథము నాడే నేలకు దిగెనని భారతము చెప్పుచున్నది. విల్సను రథమును అట్లే దిగినది. ప్రజలు ఆ మాటను మరువలేదు.

ఈ మూటిని ప్రక్కప్రక్కన ఉంచి చూచినచో తేడా కనబడును. క్రిప్సు దాచినదానికి గడువు కలదు. గడువు తీరిన రాత్రియే ఆయన నోటనే అది బయటపడినది. ఎవరినుండి దాచెనో ఆ ప్రజలే, కారణము విన్న తరువాత, మా మేలు కొరకే దాచెనని ఒప్పుకొనగలరు. ఈడెను అసత్యమునకు గడువు లేదు. అది ఎన్నటికిని బయటపడకుండుటయే దాని లక్ష్యము. అది కాపాడినది ఖజానాను కాదు, ప్రధాని పరువును. యుద్ధమునకు పోవలెనా వలదా యని తీర్పు చెప్పవలసిన సభకే ఆధారములు అందకుండ చేసినది. మొదటిది యజమాని సొమ్మును దొంగనుండి దాచుట. రెండవది లెక్కలను యజమానినుండియే దాచుట.

అట్లని క్రిప్సు మార్గమును రాజమార్గముగా చేయరాదు. ఆర్థికమంత్రులు కాదన్నప్పుడు కూడ విలువ తగ్గునని 1949లో లోకము నేర్చుకొన్నది. అందుచే 1967లో కలహాను గట్టిగా కాదనియుండినను ఎందరు నమ్మియుందురో చెప్పజాలము. సత్యవంతులు కూడబెట్టిన విశ్వాసమను మూలధనమునుండియే ఒక్కొక్క అసత్యము ఖర్చగుచున్నది. మరల నింపువారు లేనిచో పెట్టె వట్టిపోవును.

మరియొక విశేషము కలదు. 1972 జూనులో బ్రిటను పౌనుకు నిర్ణీతమైన ధర కట్టుట మానివేసి, బజారులో దాని ధర అదియే తేల్చుకొనునట్లు విడిచిపెట్టెను. నాటితో క్రిప్సును కాల్చిన ఆ ప్రశ్నయే చాలవరకు సమసిపోయినది. ధర ప్రతిదినము మారుచుండగా, ఏ రాత్రి దింపుదువని మంత్రిని అడుగువారు అరుదు. కనుక, ఆపద వచ్చినది గాన అబద్ధమాడవలసి వచ్చినదని పాలకుడు చెప్పినప్పుడు మనము రెండు ప్రశ్నలు వేయవలెను. ఆ మాట గడువు ఎప్పుడు తీరును, లెక్క ఎవరికి అప్పగింతువు అనునది మొదటిది. ఆ అబద్ధమును అవసరము చేసిన ఏర్పాటును మార్చరాదా అనునది రెండవది. శుక్రుడు చెప్పిన మినహాయింపులు అక్కరకు వచ్చు దినములు రాజ్యములకు ఉండవచ్చును. ఆ దినములను తగ్గించుకొనుటయే సత్యమును కోరు ప్రజల పని.