వెండితెరపై అంగడి

ఓరుగంటి ప్రతాపరుద్రుని ఆస్థాన విద్వాంసుడు విద్యానాథుడు, వేదం ప్రభువువలె శాసిస్తుందనీ, పురాణం మిత్రునివలె నచ్చజెబుతుందనీ, కావ్యం ప్రియురాలివలె మనసు కరిగించి ఒప్పిస్తుందనీ, పూర్వాలంకారికుల మాటనే తానూ చెప్పినాడు. సినిమాలలో వ్యాపార ప్రకటనల చరిత్ర తిరగవేస్తుంటే నాకు ఈ విభాగమే మాటిమాటికీ స్ఫురిస్తున్నది.

పూర్వం మన టాకీసులలో ఆటకు ముందూ, విశ్రాంతి సమయంలోనూ గాజుపలకల స్లైడులు వేసేవారు. ఊళ్ళోని బట్టల దుకాణం, పళ్ళపొడి, సబ్బు. కొనుడు, వాడుడు, నేడే రండు - అన్నీ విధ్యర్థక క్రియలే! అది ప్రభుసమ్మితం. అది ప్రకటన అని ప్రేక్షకునికి తెలుసు. ఇష్టం లేనివాడు బయటికి పోయి సోడా త్రాగి వచ్చేవాడు.

సరుకే కథలోనికి ప్రవేశిస్తే బయటికి పోయే దారి లేదు. ఇది నేటి వింత కాదు. 1896లో లూమియేర్ సోదరుల సంస్థకు స్విట్జర్లాండులో తీసిన ఒక చాకిరేవు దృశ్యంలో సన్‌లైటు సబ్బు పెట్టెలు ముందువరుసలో కనబడతాయి. ఆ చిత్రం వెనుక ఉన్న లావాంషీ క్లార్క్ ఆ సబ్బు వర్తకానికి ప్రతినిధి. అనగా సినిమా పుట్టిన మరుసటి ఏడే అంగడి తెర ఎక్కినది. మన దేశంలో 1973 నాటి 'బాబీ'లో రిషి కపూర్ నడిపిన చిన్న రాజ్‌దూత్ మోటారు సైకిలుకు ఆ సినిమా పేరే స్థిరపడింది. 1999లో వచ్చిన 'తాళ్'లో నాయికానాయకుల ప్రణయానికి కోకాకోలా సీసా దౌత్యం నెరపింది. నలదమయంతుల కథలో హంస చేసిన పనిని ఇక్కడ సీసా చేసినదన్న మాట!

దీనిని నేను తప్పుపట్టను. వ్యంగ్యం కవులకు మాత్రమే రిజిస్టరు చేసి ఇచ్చిన ఆస్తి కాదు. నన్ను బాధించే సంగతి వేరు.

మా నార్కట్‌పల్లి నుండి హైదరాబాదు పోయే రహదారికి అటూ ఇటూ చౌటుప్పల, పుట్టపాక, పోచంపల్లి ప్రాంతాలలో మగ్గాలున్నవి. ఆ చిటికీ నేతచీరెలు తెరమీద నాయికల ఒంటిపై చూడనిది ఎవరు? కాని చిత్రారంభంలో 'కృతజ్ఞతలు' అంటూ వచ్చే పట్టికలో నగల కొట్టు, బట్టల కొట్టు పేర్లు ఉంటవి గాని నేసిన ఊరి పేరు ఉండదు. పేరు పలికించుకోవడానికి రొక్కం కావాలి. మగ్గంవాని దగ్గర అది ఎక్కడిది? పోచంపల్లి నేతకు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చినా, ఆ నమూనాను మిల్లుగుడ్డపై అచ్చుగుద్ది అమ్మేవారు ఆగలేదు. తెర మీద ఏది నేతో ఏది అచ్చో చెప్పేవారు లేరు. 2017లో తెలంగాణ ప్రభుత్వం చేనేత ప్రచారానికి నటి సమంతను నియమించుకొన్నది. మంచిదే, అయితే అది మళ్ళీ స్లైడు పద్ధతే.

కావ్యమార్గంలో వచ్చినది 2019 నాటి 'మల్లేశం'. ఆలేరు దగ్గరి షారాజిపేట వాసి చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి భుజంనొప్పి చూడలేక ఏళ్ళ తరబడి శ్రమించి 1999లో ఆసుయంత్రాన్ని సాధించినాడు. దానికి ఆమె పేరే పెట్టినాడు. ఒక చీరెకు ఆసు పోయడానికి చేయి సుమారు 9,000 మార్లు అటూ ఇటూ తిరగాలి. రాజ్ రాచకొండ తీసిన ఆ చిత్రంలో ప్రియదర్శి మల్లేశం కాగా, తల్లి పాత్ర ఝాన్సీ ధరించినది. ఆ చేయి తిరుగుతుండగా చూసినవారికి చీరె కొనుమని వేరుగా చెప్పనక్కరలేదు.