ఆధారం చూపాలి

తెలుగు వికీపీడియాలో రాసేవాళ్లంతా కూడి మాట్లాడుకునే చోటుకి 'రచ్చబండ' అని పేరు పెట్టుకున్నారు. ముచ్చటైన పేరే. కానీ ఆ మాట చూసినప్పుడల్లా నాకొక సందేహం. ఊళ్లో రచ్చబండ మీద ఆడవాళ్లెప్పుడు కూర్చున్నారు? తీర్పు అక్కడ చెప్పేవారు, దాన్ని మోసేది మాత్రం ఇంట్లో ఆడవాళ్లు. రావద్దని ఎవరూ బోర్డు పెట్టలేదు. పెట్టాల్సిన అవసరం రాలేదు.

2001లో ఇంగ్లీషులో, 2003 చివర్లో తెలుగులో మొదలైన ఈ విజ్ఞాన సర్వస్వానికీ తలుపుల్లేవు. ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు. జీతం ఇవ్వరు, డిగ్రీ అడగరు. అడిగేది ఒక్కటే - ఆధారం. సొంత పరిశోధన, సొంత అభిప్రాయం పనికిరావు. ఒక మనిషి గురించి వ్యాసం ఉండాలంటే, ఆమెతో సంబంధం లేని ఇతరులు ఆమె గురించి నమ్మదగిన చోట ఇప్పటికే రాసి ఉండాలి. తగాదా వస్తే ప్రతి వ్యాసానికీ ఉన్న చర్చా పేజీలో వాదించుకోవాలి. అక్కడ ఓట్ల లెక్క కన్నా వాదన బలం ముఖ్యమంటారు. ఆచరణలో తీరికా, ఓపికా ఎవరికి ఎక్కువుంటే వాళ్ల మాటే చివరికి నిలబడుతుంది. వంటా, పిల్లలూ, ఉద్యోగమూ అయ్యాక రాత్రి పదకొండింటికి కంప్యూటర్ ముందు కూర్చునే మనిషికి ఆ ఓపిక ఎంత మిగులుతుంది?

ఈ నియమాలు ఎవరి మీద ఎలా పనిచేశాయో చరిత్రలో చూద్దాం.

2012లో అమెరికన్ నవలాకారుడు ఫిలిప్ రాత్ తన 'ది హ్యూమన్ స్టెయిన్' నవలకి ప్రేరణ ఎవరన్న విషయం వికీపీడియాలో తప్పుగా ఉందన్నాడు. రచయిత స్వయంగా చెప్పినా చాలదు, మరొక ఆధారం కావాలన్నారు. ఆయన 'న్యూయార్కర్'కి బహిరంగ లేఖ రాశాడు. అచ్చయిన ఆ లేఖే ఆధారమైంది, వ్యాసం మారింది. నియమం ఓడిపోలేదు, రాతూ ఓడిపోలేదు. ఎందుకంటే ఆయన ఉత్తరం రాస్తే వేసుకునే పత్రిక ఉంది.

మరుసటి ఏడాది ఏప్రిల్‌లో నవలా రచయిత్రి అమాండా ఫిలిపాచీ ఒక వింత గమనించింది. 'అమెరికన్ నవలాకారులు' అనే వర్గంలోంచి స్త్రీల పేర్లని ఒక్కొక్కటే తీసి 'అమెరికన్ మహిళా నవలాకారులు' అనే పక్క గదిలోకి మారుస్తున్నారు. మగవాళ్లు మాత్రం నవలాకారులుగానే ఉన్నారు. ఆమె న్యూయార్క్ టైమ్స్‌లో రాసింది. పెద్ద దుమారం లేచింది. వెంటనే కొందరు సంపాదకులు ఆమె మీదున్న వ్యాసం మీద పడి కోతలు మొదలుపెట్టారు. 'రచయిత్రుల విభాగం' అన్న అట్ట కింద మనల్ని ఎన్నిసార్లు కూర్చోబెట్టారో గుర్తున్నవాళ్లకి ఇందులో ఆశ్చర్యపోయేదేమీ లేదు.

2018 సంగతి ఇంకా బాధాకరం. ఆ మే నెలలో డోనా స్ట్రిక్‌లాండ్ అనే కెనడా భౌతిక శాస్త్రవేత్త మీద ఎవరో వ్యాసం రాసి పంపారు. ఇచ్చిన ఆధారాలు ఆమె ప్రాముఖ్యతని నిరూపించడం లేదని తిప్పిపంపారు. అక్టోబరు 2న ఆమెకి నోబెల్ బహుమతి ప్రకటించారు. మేరీ క్యూరీ, మరియా గెప్పర్ట్ మేయర్‌ల తర్వాత భౌతిక శాస్త్రంలో ఆ బహుమతి అందుకున్న మూడో స్త్రీ ఆమె. నోబెల్ తెచ్చిన లేజర్ పరిశోధనా పత్రం 1985 నాటిది. దాన్ని ఆమెతో కలిసి రాసి, బహుమతి కూడా పంచుకున్న జెరార్ మూరూకి వికీపీడియాలో అప్పటికి చాలా ఏళ్లుగా వ్యాసం ఉంది. ఆమెకి లేదు.

తిప్పిపంపిన సంపాదకుణ్ణి తిట్టడం తేలిక. అతను నియమం ప్రకారమే చేశాననుకున్నాడు. ఆమె గురించి పత్రికలు ముందే రాసి ఉంటే ఆ ప్రశ్న వచ్చేదే కాదు. లోకం ఆడదాని పనిని రాయదు. రాయలేదు కాబట్టి ఆధారం లేదు. ఆధారం లేదు కాబట్టి ఆమె లేదు. ఈ గుండ్రపు వాదనలో ఏ ఒక్కరూ దోషి కారు, అందుకే దీన్ని విరగ్గొట్టడం కష్టం.

2011లో న్యూయార్క్ టైమ్స్ ఈ సర్వస్వాన్ని రాసేవాళ్లలో స్త్రీలు 13 శాతమేనని చర్చకి పెట్టింది. 2015లో ఇంగ్లీషు వికీపీడియా జీవిత చరిత్రల్లో స్త్రీలవి 15 శాతం చిల్లర. ఆ ఏడే మొదలైన 'విమెన్ ఇన్ రెడ్' బృందం వేలాది వ్యాసాలు చేర్చాక ఇప్పుడది సుమారు 20 శాతం.

మనకిది కొత్త కథ కాదు. ఆంధ్ర విజ్ఞాన సర్వస్వానికి శ్రీకారం చుట్టిన కొమర్రాజు లక్ష్మణరావు పేరు చదువుకున్నవాళ్లందరికీ తెలుసు. ఆయన అక్క భండారు అచ్చమాంబ 'అబలా సచ్చరిత్ర రత్నమాల' పేరుతో స్త్రీల చరిత్రలు వెతికి వెతికి రాసింది. వికీపీడియాలో ఇవాళ జరుగుతున్న పనిని నూరేళ్ల కిందట ఒంటి చేత్తో తలకెత్తుకున్న మనిషి. ఆమె కథ 'ధనత్రయోదశి' 1902లో 'హిందూ సుందరి'లో అచ్చయింది. అయినా 1910 నాటి గురజాడ 'దిద్దుబాటు'నే తొలి తెలుగు కథగా తరాల తరబడి చదువుకున్నాం. ఆమె పేరు చర్చలోకి తిరిగి రాగలిగిందంటే స్త్రీల కోసం నడిచిన ఆ చిన్న పత్రిక ఆ కథని తారీఖుతో సహా అచ్చేసి ఉండబట్టే.

అచ్చు కానివాళ్ల మాటేమిటి? తెలంగాణ సాయుధ పోరాటంలో స్త్రీల అనుభవాలు దశాబ్దాలపాటు వాళ్ల నోట్లోనే ఉండిపోయాయి. స్త్రీశక్తి సంఘటన వాళ్ల దగ్గరికి వెళ్లి, టేపుల్లో రికార్డు చేసి, 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' వేసింది. చిట్యాల ఐలమ్మ మాట ఆ ముందు రోజు కబురు, ఆ మర్నాడు ఆధారం. మాట మారలేదు, ఆమే చెప్పింది. మారింది కాగితం ఒక్కటే. 2011లో అచల్ ప్రభల మరికొందరితో కలిసి మౌఖిక సాక్ష్యాన్నీ ఆధారంగా స్వీకరించమని మలయాళం, హిందీ, సెపెడి భాషల్లో ప్రయోగం చేసి చూపించారు. ఇంగ్లీషు వికీపీడియాలో మౌఖిక సాక్ష్యం నియమం స్థాయికి చేరలేదు.

అలాగని ఆధారం అడగడమే తప్పని నేననను. బతికున్న స్త్రీ గురించి ఎవడో పుట్టించిన పుకారుని ఆమె పేజీలోంచి క్షణంలో తీసేయించగలిగేది కూడా ఈ నియమమే. నటీమణులూ రచయిత్రులూ పుకార్లకి ఎంత మూల్యం చెల్లించారో మనకి తెలుసు. నియమం ఉండాలి. దేన్ని నమ్మదగిన ఆధారమంటామో తేల్చే చోట మనమూ ఉండాలి.

దానికి ముందు మన ఇంటిపని ఒకటుంది. మన సభల నివేదికల్లో తారీఖు ఉండదు. పుస్తక సమీక్షల్లో ప్రచురణ సంవత్సరం ఉండదు. చనిపోయిన రచయిత్రికి నివాళి రాస్తూ ఆమె మంచితనం గురించి రెండు పేజీలు రాస్తాం, ఏ కథ ఎప్పుడు ఎక్కడ వచ్చిందో ఒక్క వాక్యం రాయం. నేనూ అలాగే రాశాను. ఇరవై ఏళ్ల తర్వాత ఏ అమ్మాయో ఆమె మీద వ్యాసం మొదలుపెట్టి, 'ఆధారం చూపాలి' అన్న మాట ఎదురైనప్పుడు వెతికేది మన పాత సంచికలనే. ఆమెకి ఆ తారీఖు దొరకాలి.